రాలిన వెంట్రుక, నిలిచిన కుదురు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



రజతోత్సవ వేదికపై నుండి చుండ్రును గూర్చి ప్రసంగించుట కొందరికి చిన్నతనముగ తోచవచ్చును. భారత భాగవతముల ప్రసక్తి రావలసినచోట తలదురద ప్రసక్తి యేమని నవ్వుకొనువారును ఉందురు. కాని భారతమునందు మాత్రము జుట్టు చిన్న విషయమా? ఉద్యోగపర్వమున సంధి మాటలకై బయలుదేరుచున్న శ్రీకృష్ణునకు ద్రౌపది చూపినది తన కురులనే గదా! తలకట్టుతో మనుష్యుని పరువు ముడివడియున్నది. “జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే” యని మన పెద్దలు ఊరకే అనలేదు. అట్టి జుట్టు పిడికిలినిండ చేతికి వచ్చిననాడు ఇంటిల్లిపాదికిని కలుగు భయము సామాన్యమైనది కాదు. ఆ భయముచేత సరియైన వైద్యమును నడుమ విడిచి, ఉన్న వ్యాధిని ముదురబెట్టుకొనువారు పెక్కురు. ఆ భయము ఎంతవరకు న్యాయమైనదో లెక్క కట్టి చూచుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

డెల్టా గ్రామములలో పలు ఇండ్ల జరుగు కథ యొకటి చిత్తగింపుడు. దివిసీమ వైపు ఒక రైతు ఇంటి పిల్ల ఇంటర్మీడియెటు చదువుటకై విజయవాడలో హాస్టలున చేరినది. కొలది మాసములకు మాడు దురద మొదలైనది. గోకినచో గోళ్ళ సందున తెల్లని పొట్టు చేరును. భుజములపై పిండి చల్లినట్లు పొలుసులు రాలుచుండగా తోడిపిల్లలు చూచి నవ్విరి. “విజయవాడ నీళ్ళు పడలేదు” అని ఇంటివారు తీర్పు చెప్పిరి. తీరగ్రామముల ఉప్పు బోరునీటికంటె కృష్ణనీరు మెత్తనిదే యను సంగతి వారికి తట్టలేదు.

చర్మవైద్యుడొకరు పరీక్షించి, కీటోకొనజోల్ అను మందు 2 శాతము గల షాంపూ వ్రాసి, వారమునకు రెండుసార్లు చొప్పున నాలుగు వారములు వాడుమనెను. రెండవ స్నానమునకే స్నానాల గది తూమున జుట్టు ఉండగా చుట్టుకొనియుండెను. పిల్ల ఏడ్చుచు ఇంటికి ఫోను చేసినది. “ఆ మందు నీకు పడలేదే తల్లీ, ఆపెయ్యి. ఇంటికొచ్చెయ్యి, తలకి నూనె పెడతాను” అని నాయనమ్మ పలికెను. షాంపూ సీసా మూలపడినది. ఆముదము, కొబ్బరినూనె కలిపి రాత్రియెల్ల మాడున నానబెట్టిరి. పది దినములు గడచునప్పటికి పొలుసులు దట్టమై, చెవుల వెనుకకును కనుబొమలకును ప్రాకినవి. పిల్ల తల దువ్వుకొనుటకు భయపడినది. అద్దము చూచుట మానినది. పిదప కళాశాలకు పోనని మొండికి వేసినది. తలపై పొట్టుగా మొదలైనది చదువు మీదికి వచ్చినది!

ఇందు తప్పెవరిది? నాయనమ్మది కాదు. ఆమె ప్రేమతో, తనకు తెలిసిన విద్యతో చేసినది. తెలియనిది ఒక్కటే: వెంట్రుక యొక్క జీవితలెక్క.

మొదట వ్యాధి స్వరూపము చూతము. ఇది నేటి నాగరికత తెచ్చిన వ్యాధి కాదు. సుశ్రుత సంహిత నిదానస్థానమున క్షుద్రరోగములను చెప్పుచోట ‘దారుణకము’ అను పేర దీనిని పోలిన వ్యాధి వర్ణింపబడినది. కఫవాతముల ప్రకోపముచే కేశభూమి గట్టిపడి, దురద గలిగి, పొడిబారి, పగులునని దాని లక్షణము. తలయందు పొడిపొట్టు మాత్రమే రాలినచో చుండ్రు అందుము. అదియే ముదిరి ఎఱ్ఱదనము, జిడ్డుపొలుసు, తీవ్రమైన దురద కలిగి, కనుబొమలకు, ముక్కు ప్రక్కలకు, చెవుల వెనుకకు వ్యాపించినచో వైద్యులు దానిని సెబోరిక్ డెర్మటైటిస్ అందురు. రెండును ఒకే త్రోవలోని రెండు మజిలీలు.

దీని కారణము బయటనుండి వచ్చినది కాదు. మన మాడున తైలగ్రంథులు గలవు. అవి స్రవించు జిడ్డును తిని బ్రతుకు బూజుజాతి సూక్ష్మజీవి మలసీజియా. అది ఇంచుమించు పెద్దవారందరి తలలందును కాపురముండును. 1874లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ మలస్సే దీనిని పొలుసులలో గుర్తించి వర్ణించెను. అతని పేరే దానికి నిలిచినది. తనకు కావలసిన క్రొవ్వును తాను తయారు చేసికొనలేదు గనుక అది మన తలజిడ్డుపై ఆధారపడును. ఆ జిడ్డును విడగొట్టి అందలి కొన్ని ఆమ్లములను తాను తిని, ఒలీయిక్ ఆమ్లము వంటి వానిని విడిచిపెట్టును. ఆ శేషము కొందరి చర్మమునకు సరిపడదు. చర్మము రేగి, దురద పుట్టి, పైపొరలు సహజ కాలమునకు ముందే పొలుసులై ఊడును. ఇక ఆ తలపై రాత్రియెల్ల నూనె నిలువజేయుట యనగా, వాకిట నిలిచిన ఆబోతునకు గడ్డివామి చూపుటయే! కృష్ణాతీరపు ఉక్క, చెమట, తడి ఆరకముందే జడ వేసికొనుట దీనికి తోడగును.

ఇక వెంట్రుక లెక్క. మనుష్యుని తలపై వెంట్రుకలు సుమారు ఒక లక్ష. ప్రతి వెంట్రుకయు తన కుదురునందు రెండు మొదలు ఆరు సంవత్సరముల వరకు పెరుగును. పిదప రెండు మూడు వారములలో పెరుగుట చాలించి, మూడు మాసములు విశ్రాంతిగ నిలిచి, తుదకు రాలిపోవును. అదే కుదురున క్రొత్త వెంట్రుక మొలచును. సార్వా కోసిన పిమ్మట దాళ్వాకు నీరు వదలునందాక చేను బీడుగా నుండును. అంతమాత్రముచే చేను చచ్చినదని ఏ రైతును ఏడ్వడు. కుదురు చేను వంటిది, వెంట్రుక పంట వంటిది.

లక్షలో నూటికి తొమ్మిది వంతున 9,000 వెంట్రుకలు ఎప్పుడును విశ్రాంతిలో నుండుననుకొందము. విశ్రాంతికాలము 100 దినములనుకొందము. అప్పుడు దినమునకు 90 వెంట్రుకలు రాలి తీరవలెను. ఆరోగ్యవంతునకు దినమున 50 మొదలు 100 వరకు రాలుట సహజమని వైద్యులు చెప్పు మాటకును ఈ లెక్కకును సరిపోయినది. వారమునకు ఇది 630 అగును. వారమునకొకసారి తలంటుకొని, మిగిలిన దినములు బిగువైన జడలో నుండు స్త్రీకి ఊడిన వెంట్రుకలలో కొన్ని దువ్వెనకు వచ్చును. తక్కినవి జడలోనే చిక్కుకొనియుండును. తలంటుకొన్ననాడు అవి రెండు మూడు వందలు ఒక్కసారిగ చేతికి వచ్చినచో వింత లేదు. ఏడు దినముల ఖర్చును ఒక్క దినమున వ్రాసినచో ఖజానా ఖాళీయైనట్లు కనబడదా?

కంటిని మోసగించునది మరియొకటి గలదు. రెండడుగుల వెంట్రుకలు 300 కలిపినచో 600 అడుగుల పొడవగును. రెండంగుళముల క్రాపు గల పురుషుని 300 వెంట్రుకలు కలిపినను 50 అడుగులే. రాలిన సంఖ్య ఒక్కటే, ఉండ మాత్రము పండ్రెండింతలు! ఆడపిల్లలకే భయమెక్కువ యగుటకు ఇదియు నొక హేతువు.

మరి మందు షాంపూ మొదలుపెట్టినంతనే ఏల ఎక్కువగ రాలును? రాలుటకు సిద్ధముగనున్న వెంట్రుకలు మాడును రుద్దుటచే కదలి వచ్చును. పొలుసుతో అతుకుకొనియున్నవి పొలుసుతోబాటు ఊడును. దురదకు గోకిన గోకుడు, చర్మము యొక్క రేగుడు అంతకు ముందే కొన్ని కుదుళ్ళను తొందరగ విశ్రాంతికి పంపియుండును. ఆ పాత బాకీ ఇప్పుడు వసూలగును. మందు వలననే అధికముగ రాలుట అసలు లేదనరాదు. కీటోకొనజోల్ షాంపూ పరీక్షలలో అట్టిది నూటికి ఒక్కరికంటె తక్కువమందిలో కనబడినట్లు మందుతో వచ్చు వివరపత్రమే చెప్పుచున్నది. సెలీనియం సల్ఫైడు షాంపూకును అట్టి హెచ్చరిక కలదు. కాని ఆ కొద్దిమందిలో మనముంటిమని రెండు స్నానములకే నిశ్చయించుట తొందరపాటు.

ఊడిన వెంట్రుక కొనయందు తెల్లని చిన్న గుండ్రము కనబడును. “అయ్యో, వేరుతోసహా ఊడినది, ఇక మొలవదు” అని తల్లులు గుండె బాదుకొందురు. అది వేరు కాదు. విశ్రాంతి ముగించిన వెంట్రుక కొన ఎప్పుడును అట్లే యుండును. జీవముగల కుదురు చర్మములోపలనే భద్రముగ నున్నది. కొబ్బరిచెట్టు ఎండుమట్టను వదలినప్పుడు మట్టకు మొదలు ఉండదా? చెట్టు నిలిచియే యున్నది గదా! గుండ్రము లేక నడుమ తెగిన తునకలు ఎక్కువగ కనబడినచో అది రాలుట కాదు, విరుగుట. పొడిబారుట, తడిజుట్టును సన్నదువ్వెనతో లాగుట అందులకు కారణములు.

కుదురు బ్రతికియుండుననుటకు మన ప్రాంతముననే వేలకొలది సాక్ష్యములు గలవు. 2016 ఆగస్టు 12 మొదలు 23 వరకు కృష్ణా పుష్కరములు జరిగినవి. ఇంద్రకీలాద్రిపై అమ్మవారికిని, తిరుమల కల్యాణకట్టయందు స్వామికిని తలనీలాలు సమర్పించు భక్తులకు లెక్క లేదు. నున్నగ గొరిగిన తలయందును నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు చొప్పున జుట్టు మరల వచ్చును. గొరిగినంత మాత్రమున జుట్టు ఒత్తగ రాదు, చుండ్రు సమూలముగ పోదు. అట్లే, రాలినంత మాత్రమున కుదురును పోదు.

ఇక ఆ పిల్ల సంగతి. మేనమామ ఆమెను వేరొక వైద్యురాలి యొద్దకు తోడ్కొనిపోయెను. ఆమె ఏబది అరువది వెంట్రుకలను వ్రేళ్ళనడుమ పట్టి మెల్లగ లాగి, వచ్చినవానిని లెక్కించినది. వానిలో నూటికి పదికంటె మించి వచ్చినచో అధికముగ రాలుచున్నట్లు గుర్తు. పిల్లకు తొమ్మిది వచ్చినవి. “మూడు నెలల క్రిందట జ్వరమేమైన వచ్చినదా?” అని ఆమె అడిగెను. డెంగీ జ్వరము వచ్చి వారము దినములు ఆసుపత్రిలో నుంచిన మాట అప్పుడు మామకు జ్ఞప్తికి వచ్చినది.

ఇదియే రహస్యము. తీవ్రజ్వరము, ప్రసవము, శస్త్రచికిత్స, హఠాత్తుగ బరువు తగ్గుట, గొప్ప దుఃఖము మొదలగునవి కలిగినప్పుడు పెక్కు కుదుళ్ళు ఒక్కసారి విశ్రాంతికి పోవును. రెండు మూడు మాసముల పిమ్మట అవి గుంపుగ రాలును. 2020, 2021 సంవత్సరములలో కోవిడు వచ్చి తగ్గినవారెందరో ఇట్లే జుట్టు కోల్పోయి, తరువాత మరల పొందిరి. జ్వరము మరచిపోయిన సమయమున జుట్టు రాలును గనుక అప్పుడు చేతిలోనున్న సీసామీదికి నింద పోవును. రక్తహీనత, థైరాయిడు లోపము కూడ జుట్టును రాల్చగలవు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో సగమునకు మించి రక్తహీనత గలవారని తేలినది. కావున తలకు రాయుదానిని గూర్చి అడుగువారు కంచములో పెట్టుదానిని గూర్చియు అడుగవలెను.

వైద్యురాలు రక్తపరీక్ష చేయించి, ఇనుము తక్కువగనున్నదని మాత్రలిచ్చి, పాత షాంపూనే మరల వాడుమనెను. వాడు విధము మాత్రము దగ్గర కూర్చుండబెట్టుకొని చెప్పినది. ఈ విధము అందరికిని పనికివచ్చునది గనుక వినుడు. జుట్టు తడిపి, షాంపూను వెంట్రుకల కొనలకు కాక మాడునకు వ్రేలికొనలతో అంటవలెను, గోళ్ళతో గీకరాదు. నురుగు వచ్చినంతనే కడిగినచో మందుకు పని చేయు వ్యవధి లేదు. మూడు మొదలు ఐదు నిమిషములు ఉంచి, బాగుగ కడుగవలెను. వైద్యుడు వేరుగ చెప్పనియెడల వారమునకు రెండుసార్లు, రెండు మొదలు నాలుగు వారములు. పిదప వారమునకో రెండు వారములకో ఒకసారి వాడుచుండినచో వ్యాధి తిరుగబెట్టదు. ఇది సమూలముగ పోవునది కాదు, అదుపులో నుండునది. చేనిలో కలుపు ఒకసారి తీసినంతనే జన్మమునకు చాలునా? నూనె కావలెనన్నవారు వ్యాధి తగ్గునందాక మాడున నిలువ ఉంచక, ఆరిన జుట్టు కొనలకు కొంచెము రాచుకొనవచ్చును. సెలీనియం సల్ఫైడు, జింకు పైరిథియోను, సాలిసిలిక్ ఆమ్లము, బొగ్గుతారు గల షాంపూలును గలవు. ఒకటి పనిచేయనిచోట మరియొకటి పనిచేయవచ్చును.

కుంకుడుకాయ, సీకాయలను నిందింపవలసిన పని లేదు. కుంకుడు నురుగునందలి సపోనినులు జిడ్డును, పొట్టును చక్కగ కడుగును. కాని బూజును అణచు మందు కొలతగ అందు లేదు. మామూలు తలంటుకు అది చాలును, ముదిరిన వ్యాధికి చాలదు. ఇంతకును షాంపూ అను మాట మనకు పరాయిది కాదు. నొక్కుట, పిసుకుట అను అర్థముగల హిందీ ‘చాంపో’ నుండి అది పుట్టినది. 1759లో పాట్నాలో జన్మించిన షేక్ దీన్ మహమ్మద్ ఇంగ్లండున బ్రైటన్ పట్టణమున స్నానశాల పెట్టి, ఈ మర్దనవిద్యచే పేరుపొంది, నాల్గవ జార్జి రాజునకు సేవ చేసెను. మన తలంటు అను మాటలోనున్న ‘అంటు’ కూడ చేతిపనియే. సీసా మారినను చేతియందలి ఓర్పు మారరాదని భావము.

అన్నిటికిని ఇదియే మందనుకొనుటయు ప్రమాదము. నాణెమంత మేర నున్నగ ఊడినచో అది పేనుకొరుకుడు. పిల్లల తలపై పొలుసు మచ్చలో వెంట్రుకలు తెగి మొండెములై నిలిచినచో అది తామర కావచ్చును. దానికి కడుపులోనికి మందు పుచ్చుకొనవలెను, షాంపూతో పోదు. వెండివంటి దట్టపు పొలుసు నుదుటిపైకి దాటినచో సోరియాసిస్ ఏమో చూపించుకొనవలెను. చీము, జ్వరము, మచ్చపడి మెరయు చర్మము, ఆరు మాసములు గడచినను ఆగక రాలుట, ఇవి కనబడినచో ఆలస్యము చేయరాదు. గర్భిణులు ఏ మందైనను అడిగియే వాడవలెను. మందుల అంగడిలో చేతికిచ్చు స్టెరాయిడు కలిసిన పూతమందులను వైద్యుని చీటీ లేక కొనరాదు. అవి నేడు దురదను మాపి రేపు చర్మమును పలుచన చేయును. బట్టతలను పోగొట్టెదమను ప్రకటనలను నమ్మి ధనము పోగొట్టుకొనరాదు. నయము చేయుదుమనిగాని నివారింతుమనిగాని మందుపై చెప్పుకొనరాని వ్యాధుల పట్టికలో, 1945 నాటి ఔషధ నియమముల ‘జె’ షెడ్యూలునందు, బట్టతలయు చేర్చబడియున్నది.

ఇది గ్రంథాలయ సభయందు చెప్పదగిన మాటయేనా యన్నచో, అవును. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు తొలిసారి కూడి సంఘమేర్పరచుకొన్నప్పుడు, చదువు కావ్యములకే పరిమితమని వారు తలపలేదు. ఆ పిల్ల షాంపూ పెట్టెలో మడచియుంచిన కాగితమొకటి ఉండెను. మూడు నిమిషములు ఉంచుమనియు, రాలుట ఎంత అరుదో యనియు సన్నని ఆంగ్లాక్షరములలో దానిపై వ్రాసియే యుండెను. ఇంట ఎవరును దానిని విప్పలేదు. విప్పినను చదివి చెప్పువారు లేకుండిరి. అట్టి కాగితమును చేతబట్టుకొని వచ్చిన తల్లికి చదివి విడమరచి చెప్పగలిగినదే గ్రామమునకు అక్కరకు వచ్చు గ్రంథాలయము.

నాలుగు వారములకు దురద తగ్గినది. పిల్ల కళాశాలకు మరలిపోయినది. జుట్టు రాలుట మాత్రము వెంటనే ఆగలేదు. మరి మూడు నాలుగు మాసములు కొనసాగి, క్రమముగ సన్నగిల్లినది. పాపిట ప్రక్కల వ్రేలెడు పొడవున క్రొత్త వెంట్రుకలు నిక్కి నిలిచినవి. నాయనమ్మ వానిని వ్రేలితో తడవి తడవి చూచుకొనెడిది. రాలిన జుట్టును ఉండచుట్టి చూరున దోపుట ఆమెకు అలవాటు. సవరముల వర్తకులకై జుట్టు కొని స్టీలుసామాను ఇచ్చువాడు సంక్రాంతికి వీధిలో కేక వేసినాడు. ఆమె చూరు తడిమి, చేతికి వచ్చిన చిన్న ఉండను చూచి, “పో నాయనా, ఈ ఏడు మా ఇంట నీకు బేరం లేదు” అని నవ్వినది.

ప్రతి ఇంటి చూరును అట్లే ఖాళీగ నుండుగాక!